జెత్ మడిలో దగ్గు

వఫ్రాలో చలికాలం అంటే మంచు.
సద్దు లేకుండా వచ్చి జెత్ గడ్డి మీద కూర్చుంటుంది.
తెల్లారుజామున నాలుగింటికి టార్చి వేస్తే
మడి మడంతా కదులుతా ఉంటుంది,
బఠానీ గింజంత, గోలీ అంత,
చారల చారల నత్తలు.
ఎండాకాలమంతా కంచె కమ్మీలకి
పెచ్చుల్లాగా అంటుకోని
వాకిలి మూసుకోని ఉన్న జాతి.
ఒక్క తడికి అన్నీ లేచినాయి.

మందలో మొదట దగ్గింది చెవి తెగిన నయీమీ గొర్రె.
పరిగెత్తిచ్చినప్పుడు మాత్రమే దగ్గింది.
జీవాల నడుమ పుట్టినోణ్ణి,
దగ్గుల్లో రకాలు నాకు తెలుసు:
దుమ్ము దగ్గు, పడిశం దగ్గు,
మందు తాపేటప్పుడు దారి తప్పి పొలమారిన దగ్గు.
ఇది వాటిల్లో లేదు.
తలుపవతల ఎవరో నిలబడి
రావాలా వద్దా అని గొంతు సవరించుకున్నట్టుంది.

వారం తిరిగేసరికి పదకొండు.
అబూ మిష్‌అల్ జీపు దిగకుండానే అడిగినాడు,
"ఏం పెట్టినావు వాటికి?"
నువ్వు తెచ్చిన గడ్డే, నేను కట్టిన నీళ్ళే.
అననైతే అనలేదు.

సూడాను డాక్టరు ఇద్రీస్ పెంటికలు ఏరమన్నాడు.
పల్చటి గుడ్డలో మూటగట్టి
నా చాయ్ గ్లాసులో నీళ్ళు పోసి
రాత్రంతా వేలాడదీసినాడు, ముడుపు కట్టినట్టు.
పొద్దున అడుగు చుక్కను అద్దం కింద పెట్టి
చూడు, అన్నాడు.
తోక కొసన వంకర తిరిగిన వెంట్రుక ఒకటి
తన్నుకులాడతా ఉంది.

"ఊపిరితిత్తుల్లో పుట్టింది.
దగ్గుతో గొంతులోకొస్తుంది,
గొర్రె మింగితే పెంటికతో నేలకు పడుతుంది,
అక్కడ ఆగిపోతుంది.
ఈ గొర్రె నుంచి ఆ గొర్రెకి నేరుగా దారి లేదు.
నత్త రావాల.
పెంటిక మీద పాకిన నత్త పాదంలో దూరి
లోపల రెండు చొక్కాలు మారుస్తుంది.
గడ్డితోపాటు ఆ నత్తను నమిలిన గొర్రెలో
పేగు దాటుకోని మళ్ళీ ఊపిరికే."

నత్తకి తెలుసా, అన్నా.
నవ్వినాడు.
సగం హిందీ సగం అరబ్బీలో చెప్పినాడు,
నాకు తెలిసింది సగమే.
మిగతా సగం ముందే తెలుసు.

పుల్లంపేట పెంచలయ్య కువైట్ వచ్చేనాడు
బస్సు కాడ, మొగం తెలీని ఒకామె
"మా పిల్లోడికి నాయనా, ఊరగాయ" అని
సంచి చేతికిచ్చింది.
ఊరగాయని ఎవరు కాదంటారు?
నూనె కింద ఏముందో
ఏర్‌పోర్టులో విప్పినోళ్ళే ముందు చూసినారు.
ఏడేండ్లు.
చూడబోయినప్పుడు గాజు పలక అవతల నుంచి
"బరువు కూడా లేదన్నా" అన్నాడు.
ఇంకేం అనలేదు.

మంచు ఆరేదాకా గేటు తియ్యొద్దన్నారు.
కోసిన గడ్డి ఎండబెట్టి వెయ్యమన్నారు.
రాత్రిళ్ళు బకెట్టు పట్టుకోని ఏరతా ఉండా.
ఒకటి నా అరచేతిలో కొమ్ములు చాచి
మణికట్టు దాకా నడిచింది,
తడి గీత ఒకటి గీసుకుంటా.
ఏది మోస్తుందో ఏది మొయ్యదో
టార్చి వెలుగుకి కనపడదు.
అన్నిట్నీ ఉప్పునీళ్ళలో వేసినా.
ఆ నురగ చూడకుండా అటు తిరిగినా.

పదింటికి గేటు తీస్తే
మంద నన్ను తోసుకోని పోయింది.
చెవి తెగింది మందు తాగినాక
రెండు రోజులుగా దగ్గలేదు.
అయినా నా చెవి దాని ఎనకనే పోతా ఉంది.

నెలాఖరుకి నేను ఊరికి పోవాల.
మస్తానయ్య రూముకొచ్చి
టేపు చుట్టిన పొట్లం మంచం మీద పెట్టినాడు.
"పిల్లకన్నా. నీ దోవలోనే కదా ఇల్లు."
పదేండ్లుగా ఒకే పొయ్యి మీద వండుకున్నోళ్ళం.
విప్పి చూపియ్యమన్నా.

వాడి మొగం చిన్నబోయింది.
గోరుతో టేపు లాగినాడు.
నీడో డబ్బా, కోడాలి తైలం,
బుటాలు కుట్టిన పసుపు గౌను,
ధర చీటీ ఇంకా తియ్యలేదు.

చాలన్నా, చాలు.
తిరిగి నేనే కట్టినా.
ఎంత చుట్టినా
ఒక మూల తెరుచుకునే ఉంది.